తలుపు తోసుకొచ్చిన పిండి

ఆ ఉదయం పిజ్జా దుకాణం యజమాని వేసుకున్న పథకం చాలా సులువైనది. హెడ్డాఫీసు మేడమ్ మధ్యాహ్నం వస్తానని ఫోన్ చేసింది. ఎందుకో చెప్పలేదు. రెండో బ్రాంచి ఇవ్వడానికేనని అతను తనకు తానే తేల్చేసుకుని, స్వయంగా పిండి కలిపి, చొక్కా ఇస్త్రీకి ఇవ్వడానికి బయల్దేరాడు. గడప దగ్గర కాలు ఆగింది.

"ఇంతకీ ఈస్ట్ వేశానా?" అని పైకే అనుకుని, వెనక్కెళ్లి మరోసారి వేసి, పిసికి మరీ వెళ్లాడు.

గల్లాపెట్టె దగ్గరున్న భార్యకు ఆ మాట వినపడింది గానీ, అతను వెనక్కెళ్లడం కనపడలేదు. "ఈయన పరధ్యానం నాకు కొత్తా!" అనుకుంటూ వెళ్లి, తనూ ఓ గుప్పెడు వేసి కలిపింది. కాసేపటికి అత్తగారు పిండి టబ్బు మూత ఎత్తి చూసింది. పిండి ఇంకా లేవలేదు.

"పాపం, అల్లుడి పరువు పోతుంది" అని ఈస్ట్ డబ్బా అడుగున మిగిలిందంతా దులిపేసి, పిసికి, టబ్బులన్నీ పొయ్యి పక్కకి జరిపింది.

అతను తిరిగొచ్చేసరికి టబ్బుల మూతలు పిండి మీద టోపీల్లా ఊగుతున్నాయి. చేతులతో అదిమాడు. వేళ్ల సందుల్లోంచి తప్పించుకుని మళ్లీ లేచింది. అంతలో బయట కారాగింది. దిక్కుతోచక పిండి గది తలుపు మూసి తాళం వేశాడు.

"పిండి గది చూపించండి" అంది మేడమ్ వస్తూనే.

"తాళంచెవి పోయిందండీ."

"మీ చేతిలో ఉన్నదేంటి?"

"ఇది... ఇంటిదండీ."

అతని నోట్లో మాట నోట్లో ఉండగానే తలుపు కింది సందులోంచి తెల్లటి నాలుక ఒకటి మెల్లగా బయటికొచ్చింది. మేడమ్ చూసుకోకుండా దానిమీద కాలేసింది. కాలు వచ్చింది, చెప్పు రాలేదు.

"ఒక్కసారి ఎక్కువేశానండీ!" అన్నాడతను.

"నేనూ వేశానండీ" అంది భార్య తలొంచుకుని.

"మిగిలింది నేనేశాను తల్లీ" అంది అత్తగారు, మరో టబ్బు మూత టప్పున ఎగిరిన చప్పుడులో.

"రెండో బ్రాంచి గంగపాలైంది!" అంటూ అతను గోడకు జారగిలబడ్డాడు. మేడమ్ మాత్రం ఒంటి చెప్పుతో నిలబడి పిండిని తేరిపార చూసింది.

"బ్రాంచి ఎవరిస్తామన్నారండీ? నేనొచ్చింది ఫిర్యాదు మీద. మీరు పిండి మిగుల్చుకుంటున్నారట, పిజ్జా కాగితంలా ఉంటోందట. నిజమైతే ఈ దుకాణం కూడా మూయించేద్దామనే వచ్చాను." చెప్పు పీక్కుని, అంటిన పిండి దులుపుకుంది. "ఇంత పిండి వాడేవాళ్ల మీద ఆ మాటెలా అన్నారో! కేసు కొట్టేస్తున్నా."

కారు వీధి మలుపు తిరిగాక గానీ అతనికి ఊపిరి ఆడలేదు. ముద్దకింత గిల్లి పక్కన పెట్టే అలవాటు అతనికి నిజంగానే ఉంది. అది ఇంట్లోవాళ్లకు తప్ప పరాయివాడికి తెలిసే అవకాశమే లేదు.

"ఎవరో గిట్టనివాళ్లు ఫిర్యాదు చేశారత్తయ్యా!" అన్నాడు పళ్లు నూరుతూ.

"ఎవరు చేస్తేనేం బాబూ" అంది అత్తగారు బోసినోటితో నవ్వి, టబ్బు గోకుతూ. "పళ్లులేనివాళ్లు కాగితం ఎలా నములుతారు చెప్పు?"

ఆ రోజు నుంచి అత్తగారి పిజ్జా ఒక్కటి మాత్రం దిండంత మందంగా వెళ్తోంది.