చిన్నరసంపై సైన్యం వైఖరి

మాట్లాడటం మనిషికి దేవుడిచ్చిన వరం. మాట్లాడి కూడా ఏమీ చెప్పకుండా ఉండటం మాత్రం ప్రభుత్వం ఇచ్చే ఉద్యోగం. ఆ ఉద్యోగంలో మేజర్ జనరల్ లక్ష్మీనరసింహారావు గారిని మించినవాడు ఈ దేశంలో ఇంకా పుట్టలేదు. సైన్యం తరఫున పత్రికలవాళ్ళకు జవాబులు చెప్పే అధికార ప్రతినిధిగా ఆయన ఏళ్ళ తరబడి పనిచేశారు. అన్నేళ్ళలోనూ ఆయన నోటి నుంచి ఒక్క విషయం కూడా జారిపడలేదు.

ఈ విద్య ఆయనకు సైన్యం నేర్పింది కాదు. నూజివీడు పక్కన రెడ్డిగూడెంలో, సొంత మామిడితోటలో, తల్లి బుజ్జమ్మ గారు నేర్పింది. పూత మీద తోట బేరమాడటానికి ఏటా సాంబయ్య అనే వ్యాపారి వచ్చేవాడు. సరిగ్గా అప్పుడే చుట్టాలూ వచ్చి చెట్ల కింద నిలబడేవారు. కాపు బాగుందంటే చుట్టాల దిష్టి తగులుతుంది, పైగా కోతల నాటికి సంచులు పట్టుకుని దిగుతారు. బాగాలేదంటే సాంబయ్య ధర దించేస్తాడు.

"ఈ ఏడు కాపు ఎలా ఉందమ్మా?" అనేవాడు సాంబయ్య.

"కాపుదేముంది సాంబయ్యా, నిలబడితే నిలబడినట్టు, రాలితే రాలినట్టు," అనేవారు బుజ్జమ్మ గారు.

సాంబయ్య తలూపేవాడు. చుట్టాలూ తలూపేవారు. ఆమె కొంగు పట్టుకు తిరిగే నరసింహం ఇదంతా శ్రద్ధగా వినేవాడు.

తర్వాత ఎప్పుడో, అధికార ప్రతినిధి పదవికి జరిగిన ఇంటర్వ్యూలో బోర్డువారు మాటవరసకు "మీకు తోట ఉందట, కాపెలా ఉంది?" అని అడిగారు. నరసింహారావు గారు టీలు చల్లారిపోయేదాకా జవాబు చెప్పారు. చివరికి ఆయనకు అసలు తోట ఉందో లేదో కూడా బోర్డువారికి అర్థం కాలేదు. (ఉద్యోగపు ఉత్తర్వు ఆ సాయంత్రమే టైపు చేశారు.)

అక్కడి నుంచి ఆయనకు తిరుగులేకపోయింది. హెలికాప్టరు ఒకటి దారి తప్పి వరిపొలంలో దిగిందట కదా అని అడిగితే, "హెలికాప్టరు, వరిపొలం రెండూ పూర్తిగా అదుపులో ఉన్నాయి," అన్నారు. ఆ రైతు ధర్నా చేస్తున్నాడట కదా అంటే, "అటువంటి సమాచారమేదీ మా దృష్టికి రాలేదు," అన్నారు. రైతు ఆయన వెనక కిటికీలోంచి కనబడుతూనే ఉన్నాడు. ఇంట్లో భార్య లలిత ఇడ్లీ వెయ్యనా, దోసె వెయ్యనా అంటే, "అన్ని ప్రత్యామ్నాయాలూ పరిశీలనలో ఉన్నాయి," అనేవారు. ఆవిడ ఉప్మా చేసేది.

ఇక మిగిలింది ఒక్కటే, లెఫ్టినెంట్ జనరల్ హోదా. అది వస్తే కారు మీద రెండు నక్షత్రాల పక్కన మూడోది చేరుతుంది. దానికోసం ఆయన ఎంతగా ఆశపడ్డారంటే, ఖాళీగా ఉన్నప్పుడు కారు ముందుకెళ్ళి, మూడోది ఎక్కడ పడుతుందో వేలితో కొలుచుకునేవారు. జవాబుల నియంత్రణ విభాగం ఒక్కసారి "ఈయన ఏమీ అనలేదు" అని ధ్రువీకరిస్తే చాలు. (ఏమైనా అన్నవారి పదోన్నతి ఫైలు అక్కడికి వెళ్ళదు. వెళ్ళినా రాదు.)

ఆ ధ్రువీకరణకు ముందు, వేసవిలో, ఆఖరి పత్రికా సమావేశం జరిగింది. నరసింహారావు గారు అద్భుతంగా ఏమీ చెప్పలేదు. అంతా అయిపోయి టీ వేళ అయింది. బుజ్జమ్మ గారు తోట నుంచి పంపిన చిన్నరసం మామిడిపళ్ళ పెట్టెను మెస్‌వాళ్ళు మర్యాదకు విప్పి, కాయల్ని తొక్క తీసి, చాకుతో ముక్కలు కోసి, టూత్‌పిక్కులు గుచ్చి తెచ్చారు. ముక్కలు నిలబడక గుజ్జుగా జారి పళ్ళెమంతా పారుతున్నాయి. అది చూసి ఆయన టీ కప్పు పక్కన పెట్టేశారు.

"సార్, చిన్నరసం కోసుకుని తినొచ్చాండీ?" అంది సాయి ప్రియ. ఆ అమ్మాయి విలేకరి, నూజివీడు దగ్గరే ఆగిరిపల్లి పిల్ల. కావాలనే అడిగింది.

"కొయ్యకూడదు," అన్నారు నరసింహారావు గారు. "మెత్తగా పిసకాలి. ముచ్చిక తీసి, సొన పిండి పారేసి, జుర్రుకోవాలి. రసాన్ని కోసేవాడికి మామిడి అంటే తెలియదు. ఇందులో రెండో మాట లేదు."

మైకులు ఇంకా ఆన్‌లోనే ఉన్నాయి.

సైన్యం ఒక విషయాన్ని స్పష్టంగా చెప్పడం చూసి దేశం నిర్ఘాంతపోయింది. ఏ సరిహద్దును పిసకబోతున్నారని టీవీల్లో రిటైర్డు నిపుణులు పటాలు పరిచి చర్చించారు. పొరుగు దేశం ఒకటి ముందుజాగ్రత్తగా తన మామిడిపళ్ళను గోడౌన్లలోకి తరలించింది. చాకుల తయారీదారుల సంఘం నల్ల బ్యాడ్జీలు పెట్టుకుంది.

ఆ సాయంత్రం బుజ్జమ్మ గారు ఫోన్ చేశారు.

"ఒరే నరసింహం, టీవీలో చూశాన్రా. ఇన్నేళ్ళూ నువ్వు కనబడ్డప్పుడల్లా ఊళ్ళోవాళ్ళు, మీవాడు ఏమన్నాడండీ అని అడిగితే ఏం చెప్పాలో తెలిసేది కాదు. ఇవాళ సాంబయ్య కూడా వచ్చి, నిజం చెప్పాడమ్మా అన్నాడు. కడుపు నిండిపోయిందిరా."

ఆయనకు కళ్ళు చెమర్చాయి. అంత సంతోషం ఏ పతకం తగిలించినప్పుడూ కలగలేదు.

మర్నాడు జవాబుల నియంత్రణాధికారి కిరణ్ కుమార్ గారు పిలిపించారు. ఫలభక్షణ వ్యాఖ్యల పరిశీలనా సంఘం రాత్రికి రాత్రే విచారణ ముగించిందట.

"మీ వ్యాఖ్య నిజమని తేలిందండీ," అన్నారాయన బాధగా. "అదే ఇబ్బంది. అబద్ధమైతే ఖండించేవాళ్ళం. నిజాన్ని ఏం చెయ్యాలో నిబంధనల్లో లేదు."

"అయితే ఇప్పుడేం చెయ్యమంటారు?"

"చిన్న వివరణ ఇవ్వండి. కొయ్యడమా, జుర్రడమా అన్నదానిపై ఇంకా నిర్ణయం కాలేదని చెప్పండి. ఇస్తే ఫైలు కదులుతుంది. ఇవ్వకపోతే, రేపటి నుంచి గుర్రాల దాణా విభాగంలో మీకు గది ఉంది."

నరసింహారావు గారు ఇంటికొచ్చి కారు ముందు చాలాసేపు నిలబడ్డారు. వేలితో ఒకసారి కొలుచుకున్నారు. తల్లి గొంతు చెవిలో ఉంది. నక్షత్రం కళ్ళముందుంది. మనసు పీకుతూనే ఉంది, అయినా మైకుల ముందుకు నడిచారు.

"చిన్నరసాన్ని కోసుకు తినే అవకాశాన్ని సైన్యం తోసిపుచ్చడం లేదు," అన్నారు. "పిసకడంపై వచ్చిన వార్తలు సందర్భం నుంచి వేరుచేసినవి."

సరిహద్దులు శాంతించాయి. చాకుల ధరలు కోలుకున్నాయి. మూడో నక్షత్రం వచ్చింది.

సెలవు పెట్టి ఆ కారులోనే ఆయన రెడ్డిగూడెం వచ్చారు. తోటలో కోతలు జరుగుతున్నాయి. సాంబయ్య లారీ దగ్గర నిలబడి, ఆయన్ని చూసి చూడనట్టు కాయలు లెక్కపెట్టుకున్నాడు. తమ్ముడు రామకృష్ణ ఆయన చేతిలో బట్టల పెట్టె అందుకుని, "బాగున్నావా అన్నయ్యా," అని మాత్రం అని లోపలికెళ్ళిపోయాడు. నక్షత్రాల వంక ఎవరూ చూడలేదు.

బుజ్జమ్మ గారు అరుగు మీద కుర్చీ వేసి, కొడుకు చేతికి పళ్ళెం ఇచ్చారు. అందులో చిన్నరసం. తొక్క తీసి, చాకుతో ముక్కలు కోసి, ముక్కముక్కకీ చీపురుపుల్ల గుచ్చి ఉంది. రసమంతా పళ్ళెంలోకి జారిపోతోంది.

ఆయన పళ్ళెం వంక చూసి, తల్లి వంక చూశారు.

"అమ్మా, నామీద కోపం వచ్చిందా?"

బుజ్జమ్మ గారు కొంగుతో చాకు తుడుచుకున్నారు.

"అటువంటి సమాచారమేదీ మా దృష్టికి రాలేదు నాయనా," అన్నారు.