పదకొండు బ్రేకర్లు, ఒక కింది కవర్

చిట్యాల హైవే నుంచి రాళ్లగూడెం దాకా ఉన్న ఆరు కిలోమీటర్ల రోడ్డు మీద పదకొండో స్పీడ్ బ్రేకర్‌కు కొబ్బరికాయ కొడుతూ, పార్టీ మండల అధ్యక్షుడు సీతారాములు గారు చరిత్రలో నిలిచిపోయే ప్రకటన చేశారు.

"మన మండలంల అభివృద్ధి ఎంత స్పీడుగ ఉరుకుతాందంటే, దాన్ని జర ఆపనీకె బ్రేకర్లు వేయాల్సొచ్చింది!"

చప్పట్లు కొట్టినవారు సరిగ్గా పదకొండు మంది. పదవులన్నీ పంచేశాక పదకొండు మంది కార్యకర్తలు ఉత్త చేతులతో మిగిలారు. వాళ్లు అలిగి అవతలి పార్టీకి జారకుండా, ఒక్కొక్కరి ఇంటి ముందు ఒక్కో బ్రేకర్ మంజూరు చేయించిన దయామయుడు ఆయన. గద్దె దొరకనివాడికి కనీసం గడ్డ. ఊరు ఊరంతా తన గుమ్మం ముందు తల ఊపుతూ నెమ్మదిగా పోతుంటే, మనిషికి అంతకన్నా ఏం కావాలి?

మరుసటి వారమే ఆయన హైదరాబాద్ నుంచి ఒక పాత కారు కొనుక్కొచ్చారు. తెల్లగా, పొడుగ్గా, నేలకు జానెడు ఎత్తులో ఉంది. నాయకుడన్నవాడు నేల విడవకూడదని ఆయన సిద్ధాంతం. కారు ఆ సిద్ధాంతాన్ని ఆయనకంటే గట్టిగా పట్టుకుంది. హైవే దిగగానే వచ్చే మొదటి బ్రేకర్ మీద, కార్యకర్త ఐలేశం ఇంటి ముందు, కింద ఏదో 'బర్ర్‌ర్' మంది.

డ్రైవర్ సైదులు దిగి, వంగి చూశాడు. ఇంజన్ కింద ఉండే నల్ల ప్లాస్టిక్ కవర్ నడిమికి చీలి రోడ్డును నాకుతోంది.

"ఏందిర అది?"

"కింద చీలిక వచ్చింది సార్."

"కింది స్థాయిలనా? హైకమాండ్‌కు తెల్వనియ్యకు!"

షోరూమ్ వాళ్లను అడిగితే కొత్త కవర్‌కు పద్దెనిమిది వేలు, పది రోజుల గడువు అన్నారు. మంత్రిగారేమో ఆదివారమే వస్తున్నారు. జడ్పీటీసీ టికెట్ ఎవరికో ఆ రోజే తేలుతుంది.

"మంత్రిగారు నా కార్లనే కూసుంటరు," అన్నారు సీతారాములు గారు. "కింద చప్పుడైతే నా టికెట్ పోతది. నా టికెట్ పోతే నీ నౌకరి పోతది. సమజైందా?"

సైదులుకు రెండో వాక్యం కంటే మూడోది బాగా సమజైంది.

చిట్యాలలో మెకానిక్ జానీ ఒక అట్టముక్క పరచుకొని కారు కిందికి దూరాడు. ఇనుప కడ్డీ కాల్చి చీలికను కరిగించి అతికించాడు. సన్న తీగతో కుట్టాడు. పగిలిన నీలం డ్రమ్ములోంచి ఓ ముక్క కోసి లోపల దన్నుగా పెట్టి, ప్లాస్టిక్ ట్యాగులు బిగించాడు.

"మూడొందల యాభై."

"షోరూమోళ్లు పద్దెనిమిది వేలన్నరు గదనే అన్నా?"

"వాళ్లది ఏసీ రేటు తమ్మీ, నాది గాలి రేటు. కవర్ గట్టిగనే ఉంది. కాని పెద్దసారు కూసుంటే బండి కుంగుతాంది. బ్రేకర్ కాడ జర దిగి నడ్వమను."

మర్నాడు ఐలేశం ఇంటి ముందు సీతారాములు గారు దిగారు. నాలుగడుగులు నడిచారు. మళ్లీ ఎక్కారు. తన కోసమే దిగాడనుకున్న ఐలేశం శాలువాతో వెంటపడ్డాడు. రెండో బ్రేకర్ దగ్గర చాయ్, మూడో దాని దగ్గర పూలదండ. రెండు రోజులకే పేపర్లో వచ్చింది: 'అడుగడుగునా దిగివస్తున్న నాయకుడు'. ఆ ముక్క మూడుసార్లు చదివించుకొని, ఆయన దానికి 'ప్రజా దిగుబాట' అని నామకరణం చేశారు. ఫ్లెక్సీలు లేచాయి. పక్క మండలాల నాయకులు ఎత్తయిన జీపుల్లోంచి కూడా దూకడం మొదలుపెట్టారు. ఒకాయనైతే ఫొటో కోసం వారం రోజులకు ఒక బ్రేకర్ కిరాయికి దొరుకుతుందా అని ఫోన్ చేశాడు.

దిగిన నాయకుడికి జనం అర్జీలిస్తారు. మొదటి అర్జీ ఐలేశం పక్కింటి గుర్వమ్మది. ఆమె రోజూ ఆటోలో గుడ్లు తీసుకుపోయి చిట్యాలలో అమ్ముతుంది.

"బిడ్డా, గీ గడ్డ తీయించు. ఆటో ఎగిరినప్పుడల్ల అర డజను పగులుతున్నయి. గిది స్పీడ్ బ్రేకర్ గాదు, గుడ్ల బ్రేకర్!"

కాగితం మీద పచ్చసొన మరక కూడా ఉంది, సాక్ష్యంగా.

"నీ అర్జీ నా గుండెల మీద పెట్టుకున్న," అని ఆయన జేబులో పెట్టుకున్నారు. గుండె మీది నుంచి డిక్కీలోకి చేరడానికి దానికి అర కిలోమీటరు పట్టింది.

శనివారానికి డిక్కీ నిండింది.

"సార్, రేపు మంత్రిగారి దండలు పెట్టనీకె జాగా లేదు. అర్జీలు ఏడ పడేయాలె?"

"పడేస్తవా? ప్రెస్సోళ్లు చూస్తే? ప్రజల అర్జీలు ఎప్పుడూ నా వెంటనే ఉండాలె. కనిపించొద్దు, అంతే."

అదే పూట జానీ ఫోన్‌లో సైదులుకు ఇంకో మాట చెప్పాడు: కవర్‌కు, డ్రమ్ము ముక్కకు మధ్య సందు ఉంది, అందుకే స్పీడ్ అందుకుంటే దడదడమంటోంది, ఏదైనా మెత్తటిది కుక్కితే సరి, సైలెన్సర్ దిక్కు మాత్రం వద్దు.

సైదులు డిక్కీ వంక చూశాడు. కారు కిందికి చూశాడు. మళ్లీ డిక్కీ వంక చూశాడు. పచ్చసొన మరక దగ్గర చేయి కాసేపు ఆగింది. ఆ కాగితాన్ని మర్యాదగా మడిచి, సందులో కుక్కిన అర్జీల నట్టనడుమ పెట్టాడు. కారు గప్‌చుప్ అయింది. ఆ మండలంలో అర్జీలు ఒక సమస్యను పరిష్కరించడం అదే మొదటిసారి.

ఆదివారం మంత్రిగారు హైవే దగ్గర కారెక్కారు. మొదటి బ్రేకర్ రాగానే సీతారాములు గారు అలవాటుగా దిగి నిలబడ్డారు. మంత్రిగారు కదలలేదు.

"మొన్ననే మోకాలు ఆపరేషనైంది. నేను దిగ. పోనీయ్ తమ్మీ."

సైదులు పోనిచ్చాడు. తన నౌకరి తన కాళ్ల కిందే చిరుగుతున్న చప్పుడు స్పష్టంగా విన్నాడు. కవర్ నోరు తెరిచింది. వెనక కాన్వాయ్ గాలికి అర్జీలన్నీ లేచి, కెమెరాల ముందు పెళ్లి తలంబ్రాల్లా కురిశాయి.

సీతారాములు గారు ఒక్క క్షణమే తడబడ్డారు.

"సార్! ప్రజల అర్జీలను ఆఫీసుల చుట్టూ తిప్పుడు మా తాన లేదు! నేరుగ రోడ్డు మీదికే తెస్తం!"

పదకొండు మంది చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య గుర్వమ్మ వంగి తన కాగితం ఏరుకుంది, దుమ్ము దులిపింది, చేతికందినవన్నీ దానితో కలిపి కారు కిటికీలోంచి మంత్రిగారికి అందించింది.

"మళ్ల ఇస్తున్న సారూ. ఈసారి జర మనుషులు కూసునే కాడ పెట్టున్రి."

మంత్రిగారు ఆ కట్టను కళ్లకద్దుకున్నారు. కెమెరాలు మెరిశాయి. తర్వాత అద్దం పైకి లేచింది. బయట సీతారాములు గారు ఇంకా కాగితాలు ఏరుతూనే ఉన్నారు. సైదులు తాళంచెవి తీసి అప్పగించడానికి సిద్ధమయ్యాడు.

మంత్రిగారు ముందుకు వంగి గొంతు తగ్గించారు.

"తమ్మీ, గా కవర్ పని చేసినాయన ఏడుంటడు?"

"చిట్యాలల సార్."

"ఎంత తీస్కున్నడు?"

"మూడొందల యాభై. కాని... కాయితాలు మనమే తెచ్చుకోవాలె సార్."

"గా ఫికర్ వద్దు," అన్నారు మంత్రిగారు హాయిగా వెనక్కి వాలుతూ. "నా తాన రెండు జిల్లాలయి ఉన్నయి."