తోంగ్ వారి పొగలేని పొయ్యి

ఆ ఉదయం తోంగ్ వారి కోడలు గ్వీరోంగ్ పెట్టుకున్నది చిన్న పనే. పది గంటలకు జిల్లా నుంచి పొయ్యిల తనిఖీ అధికారిణి వస్తుంది. ఈలోగా కొత్త పొయ్యి వెలిగించి, కుడుములు ఉడికించి, పొయ్యి వేడి కిందుగా పారే అత్తగారి ఇటుకల మంచాన్ని వెచ్చబెట్టాలి. బయట ఉత్తరాది హెయిలోంగ్‌జియాంగ్ రాష్ట్రపు చలి, సున్నాకు ఇరవై ఆరు డిగ్రీలు కింద. ఎనభై నాలుగేళ్ళ అత్తగారి మోకాళ్ళు ఆ మంచం వేడిమీదే బతుకుతున్నాయి.

నెల కిందట పాత పొయ్యి పీకేసి ఇది బిగించారు. మొక్కజొన్న చొప్పను పొడి చేసి, నొక్కి చేసిన గుళికలు ఇందులో కాలతాయి. పొడిగా ఉంటే పొగే రాదు.

బస్తా విప్పగానే పుల్లటి వాసన గుప్పుమంది.

"ఏమయ్యా, వీటిని ఎక్కడ పెట్టావు?"

"బయట మంచు కదా అని కాబేజీ ఊరగాయ జాడీ పక్కన పెట్టా," అన్నాడు భర్త షోవ్‌తియెన్.

జాడీ బీటలు వారింది. ఉప్పునీళ్ళు తాగి గుళికలు జావలా అయ్యాయి. పక్క బస్తాలదీ అదే గతి.

"మంటలో పడితే అవే ఆరతాయిలే," అంటూ అతను ఓ చేటెడు పొయ్యిలో పోసి, అంటించి, దాని పంకా తిప్పాడు.

గొట్టంలోంచి పసుపుపచ్చటి పొగ లేచి వీధంతా కమ్మింది. కంగారుపడి ఇద్దరూ పొడి బస్తా ఏదైనా ఉందేమోనని అటకెక్కారు.

పొలాల్లో చొప్ప తగలబెట్టేవాళ్ళను పట్టుకోవడానికి ఊరి స్తంభానికి కెమెరా ఉంది. అది ఊరి పెద్ద పాంగ్ ఫోనుకు కబురు పంపింది. వెంటనే మైకు మోగింది.

"తూర్పు వీధిలో ఎవడో చొప్ప అంటించాడు! తనిఖీ రోజే దొరికిందా వీడికి? నీళ్ళ బండి తీసుకు పరిగెత్తండ్రా!"

బండివాళ్ళకు గుమ్మంలో అత్తగారు కనిపించింది.

"పెద్దమ్మా, మంటెక్కడ?"

"పొయ్యిలో నాయనా. ఇంకెక్కడుంటుంది?"

వాళ్ళు పెద్దమ్మ మాట విన్నారు. పైపు పైకెక్కించి పొగగొట్టంలోకి వదిలారు. నీళ్ళు పొయ్యిని ముంచి, ఇటుకల కిందికి పారి, మంచాన్ని నడిమికి కుంగదీశాయి. అటక దిగిన గ్వీరోంగ్ కాళ్ళ కింద గచ్చు మీద నీళ్ళు అప్పుడే గడ్డకడుతున్నాయి. ఆమెకు ఏడుపు కూడా రాలేదు. తడిసిన పరుపును ఒళ్ళోకి లాక్కుని కూలబడింది.

"ఇప్పుడు నేనెక్కడ పడుకోనే?" అంది అత్తగారు.

సంగతి తెలిసి పాంగ్ పరుగున వచ్చాడు. ఆయన వెనకే జిల్లా కారు ఆగింది. అధికారిణి షాంగ్ మేడమ్ నేరుగా గొట్టంలో పొగ కొలిచే యంత్రం పెట్టి చూసింది.

"సున్నా! ఇంత శుభ్రమైన పొయ్యి ఇంతవరకూ చూడలేదు."

"అమ్మా, అది వెలగట్లేదు..." అంది గ్వీరోంగ్.

పాంగ్ ఆమె కాలు తొక్కాడు. "వెలుగుతున్నట్టే తెలియదండీ. అంత శుభ్రం!"

మేడమ్ కళ్ళు చెమర్చాయి. గోడకు ఆదర్శ గృహం బిళ్ళ కొట్టించింది. ఇలాంటి పొయ్యిని జిల్లా అంతా చూడాలంటూ దాన్ని ఊడదీయించి, ప్రదర్శన కోసం కారెక్కించింది.

"ఏప్రిల్లో జాగ్రత్తగా తిరిగి పంపిస్తాం," అని మాటిచ్చింది.

సాయంత్రానికి ముగ్గురూ దుప్పట్లు మోసుకుని, ఇంకా బొగ్గు పొయ్యే మండుతున్న పాంగ్ ఇంటికి చేరారు. పొద్దున ఆడిన అబద్ధం బయటపడుతుందని ఆయన తలుపు తీయకుండా ఉండలేకపోయాడు.

ఆ చలికాలమంతా ఊళ్ళో అందరికన్నా శుభ్రమైన గాలి తోంగ్ వారి ఇంట్లోనే ఉంది; పీల్చేవాళ్ళే లేరు.