రాయి దగ్గర బడి

దేశం బాగుపడుతోందనడానికి తిరుగులేని రుజువు ఒక్కటే: బడి కంటే ముందు బడికి అధికారి వస్తాడు. ఐర్లండులో పొలం కనిపిస్తే చాలు అపార్ట్‌మెంటు మొలుస్తున్న ఆ రోజుల్లో, డబ్లిన్‌కు దక్షిణాన చెర్రీవుడ్‌లో ఇళ్ళొచ్చాయి, ఇళ్ళలోకి మనుషులొచ్చారు, మనుషులకు పిల్లలు కూడా పుట్టారు. (ఈ చివరిది ప్లానులో లేదు.) దాంతో నూతన ప్రాంతాల పాఠశాలల మండలి ఉన్నపళాన సమావేశమై, ఆ చుట్టుపక్కలనంతా ఒక బడుల జిల్లాగా ప్రకటించి, దానికో సూపరింటెండెంటును వేసింది. బడుల సంగతి తర్వాత చూసుకుందామనుకుంది.

ఆ సూపరింటెండెంటే మన దేవదాసు. రాజమండ్రి మనిషి. అంతకు ముందు సాఫ్ట్‌వేర్ కంపెనీలో క్వాలిటీ చూసేవాడు. అంటే, ఇంకొకరు చేసిన పని బాగాలేదని మెయిలు పెట్టేవాడు. ఇంటర్వ్యూలో మాటల మధ్య, తన తండ్రి మండల విద్యాధికారిగా చేసి రిటైరయ్యారని అన్నాడు. మండలి కార్యదర్శి డెక్లన్ మహాసంతోషపడి, “గ్రాండ్! అయితే మీకు వంశపారంపర్యంగా అనుభవం ఉందన్నమాట” అన్నాడు.

దేవదాసుకు అద్దాల మేడలో ఆఫీసిచ్చారు, గుండ్రంగా తిరిగే కుర్చీ ఇచ్చారు. కిటికీలోంచి చూస్తే బడి స్థలం కనిపించేది. అందులో గడ్డి, గడ్డి మధ్యలో పునాదిరాయి. మంత్రిగారు వచ్చి పారతో పిడికెడు మట్టి తీసి వెళ్ళారు. దేవదాసు కొబ్బరికాయ కొట్టాడు. పునాదిరాయి వేసి మర్చిపోయే విద్యలో మనవాళ్ళకు ఎవరూ పాఠాలు చెప్పనక్కర్లేదు కదా, ఆ కార్యక్రమం దివ్యంగా జరిగింది.

పాలన అంటే దేవదాసుదే పాలన. జిల్లాలో ఒక్క పిల్లవాడూ పరీక్ష తప్పలేదు. ఒక్క టీచరూ ఆలస్యంగా రాలేదు. ఆటస్థలంలో ఎవరి మోకాలూ చీరుకుపోలేదు. మండలి వార్షిక నివేదికలో ఈ జిల్లా క్రమశిక్షణను మిగతా జిల్లాలకు ఆదర్శంగా చూపించారు.

ఒక్కటే పంటికింద రాయి: తల్లిదండ్రులు. ఇక్కడ బడి లేదన్న చిన్న సాకు పట్టుకుని, పిల్లల్ని జిల్లా గీత దాటించి పాత బళ్ళలో వేసేస్తున్నారు. దేవదాసుకు ఒళ్ళు మండింది. ఇల్లు ఇక్కడ, చదువు అక్కడా? రేపు మన బడి లేచాక పిల్లలెక్కడి నుంచి ఊడిపడతారు? అప్పుడు అతనిలో తండ్రి రక్తం పనిచేసింది. టీసీ గుర్తొచ్చింది.

మనవైపు టీసీ లేకుండా పిల్లవాడు ఒక బడి నుంచి ఇంకో బడికి పోవడం ఎక్కడైనా ఉందా? ఐర్లండు వాళ్ళకు పాపం ఆ సంగతే తెలియదు. దేవదాసు విడమరిచి చెప్పేసరికి డెక్లన్ చలించిపోయాడు. “ఇన్నాళ్ళూ పిల్లల్ని గాలికి వదిలేశామయ్యా” అని బాధపడ్డాడు. వారం తిరక్కుండా చుట్టుపక్కల బళ్ళన్నిటికీ సర్క్యులర్ వెళ్ళింది: జిల్లా బడి ఇచ్చిన టీసీ లేనిదే జిల్లా పిల్లల్ని ఎవరూ చేర్చుకోరాదు.

ఎదురు ఫ్లాట్ త్రినాథ్ పూతరేకుల పెట్టె పట్టుకుని వచ్చాడు. “అన్నా, మావాడికి ఐదు నిండుతున్నాయి. లేని బడి టీసీ నేనెక్కడ తేనన్నా?”

“రూల్ రూలే తమ్ముడూ” అన్నాడు దేవదాసు. పూతరేకులు మాత్రం ఉంచుకున్నాడు. (తిప్పి పంపితే త్రినాథ్ చిన్నబుచ్చుకుంటాడని.)

ఆ వారంలోనే దేవదాసు భార్య సుధేష్ణ ఆఫీసు నుంచి ఎగురుకుంటూ వచ్చింది. “ఏమండీ, చరితకి సీటొచ్చిందండీ! గీత అవతల పాత బళ్ళో. ఉన్నదే ఒక్కటంట, శుక్రవారం దాకా ఆపుతానంది హెడ్‌మిస్ట్రెస్. ఏదో టీసీ తెమ్మంది. ఏ దరిద్రుడు పెట్టాడో ఈ రూలు!”

ఆ దరిద్రుడు అన్నంలో సాంబారు కలుపుకుంటున్నాడు. కలపడం ఆపి, “టీసీ ఇవ్వాలంటే పిల్ల ముందు మా బళ్ళో చేరి ఉండాలి” అన్నాడు.

“మీ బడేదీ?”

“రాయి ఉందిగా.”

“మీ చేతిలో పనేగా. సంతకం పడేయండి.”

“సూపరింటెండెంటు కూతురికో రూలు, త్రినాథ్ కొడుక్కో రూలా?”

“త్రినాథ్ కొడుక్కీ ఇచ్చి చావండి!”

ఇది మరీ తేలికైన ఉపాయం. ఇంత తేలికైన దాన్ని బాధ్యత గల అధికారి ఎవరూ ఒప్పుకోడు. అయినా దేవదాసు రాయి కాదు, తండ్రే. కొత్త బ్యాగు భుజాన వేసుకుని హాల్లో తిరుగుతున్న కూతుర్ని పిలిచి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. “విల్ దేర్ బి అదర్ కిడ్స్, డాడీ?” అనడిగింది చరిత. “ఉంటారమ్మా” అన్నాడు.

మర్నాడే రాయికి పసుపు రాసి, పళ్ళెంలో బియ్యం పోసి, పిల్ల చేత ‘ఓం’ దిద్దించి, జిల్లా బడిలో చేర్చుకున్నాడు. వాన బియ్యాన్ని తడిపేసింది గానీ చేరిక చెల్లింది. ఇక టీసీ రాయబోతుంటే ఇంకో రూలు అడ్డొచ్చింది. ఏడాది హాజరు నూటికి డెబ్బై ఐదు ఉంటేనే టీసీ. అదీ దేవదాసు పెట్టిందే. (డిగ్రీలో హాజరు చాలక తను పడ్డ అవస్థ ఇంకొకరు పడకపోతే ఎలాగని.)

శుక్రవారం హెడ్‌మిస్ట్రెస్ ఫోన్ చేసి ఎంతో మర్యాదగా క్షమాపణ చెప్పుకుంది. ఆ సీటు గీత అవతలే ఉండే, టీసీ పేరైనా వినని పిల్లకు వెళ్ళిపోయింది. సుధేష్ణ ఏడ్చింది, తిట్టింది, ఆ తర్వాత మాట్లాడటం మానేసింది. కానీ వచ్చే ఏడాదైనా టీసీ చేతికి రావాలంటే హాజరు ఉండాలి కదా. ఆఫీసుకు సెలవు పెట్టి, రోజూ పొద్దున్నే గొడుగు పట్టి పిల్లను రాయి దగ్గరికి తీసుకురావడం మొదలుపెట్టింది.

డెక్లన్ ఫొటోగ్రాఫరును వెంటబెట్టుకుని వచ్చాడు. జిల్లా తొలి విద్యార్థిని! సున్నా నుంచి ఒకటికి పెరుగుదల ఎంత శాతమో మండలిలో ఎవరూ లెక్క కట్టలేక, ‘అపారం’ అని రాసుకున్నారు. దేవదాసుకు దేశానికి పడమటి వైపు, ఎన్నిస్ ఊరి దగ్గర ఇంకో జిల్లా కూడా అప్పగించారు. అక్కడ ఇంకా రాయి కూడా పడలేదు.

ఒక సోమవారం జోరున వాన, రోడ్డంతా కార్లు. చరిత వచ్చేసరికి ఆలస్యమైంది. దేవదాసు టై సర్దుకుని, రాయి పక్కన వాచీ చూసుకుంటూ నిలబడి ఉన్నాడు. కూతురని వదిలేస్తే రేపు క్రమశిక్షణ ఏమవుతుంది?

“లేటుగా వచ్చావు. కాసేపు క్లాసు బయట నిలబడు” అన్నాడు.

చరిత వానలో నాలుగు వైపులా చూసింది. బయట అంటే ఎటువైపో పిల్లకు తెలియలేదు.