చేపల నెత్తిన ఝూమరు

నెత్తి మీద బరువు వేలాడని సర్కారు కచేరీలో పని జరగదు! సంగారెడ్డి కచేరీల చుట్టూ తిరిగి చెప్పులు అరగదీసుకున్న అనుభవంతో ఈ మాట అంటున్నాను. గుమాస్తాకు జీతం పెంచి చూశారు. కుర్చీకి మెత్త వేసి చూశారు. ఆయన కదిలాడా? అదే, ఆయన నెత్తి మీద, జాగీర్దార్ల దేవిడీల్లో వేలాడే గాజు దీపాల గుత్తిని, ఆ ఝూమరును, ఒక తుప్పు కొక్కానికి తగిలించి చూడండి!

నమ్మరా? అయితే వినండి.

మా ఊళ్ళో ఒక కచేరీ ఉంది. ఏ శాఖదో చెప్పను, నాకింకా అందులో పని ఉంది. ఆ హాల్లో పాతకాలం నుంచీ ఒక బట్ట పంకా ఉండేది. నడుమ దూలానికి కొక్కెం, కొక్కానికి పంకా, పంకాకు తాడు. ఆ తాడు గోడ కంతలోంచి వరండాలోకి వచ్చి మొగులయ్య కాలి బొటనవేలికి చేరేది. మొగులయ్య వెల్లకిలా పడుకుని, నిద్రలోనే కాలు ఆడించేవాడు. లోపల గుమాస్తాలు ఆ గాలికి నిద్రపోయేవారు. సమానత్వమంటే ఇంకేం కావాలి?

అంతలో మా ఊరికి కరెంటు వచ్చింది. బల్ల మీద తిరిగే పంకాలు వచ్చాయి. బట్ట పంకాను దించి అటక మీద పడేశారు. ఇక మొగులయ్య నౌకరీ నేడో రేపో ఊడుతుందని అందరూ అనుకున్నారు. అది పోతే ఆయనకు ఇంకో పని దొరకదు. బొటనవేలితో బతికినవాణ్ణి ఎవరు పనిలో పెట్టుకుంటారు?

కానీ దేవుడున్నాడు. కొత్తగా వచ్చిన పెద్ద సాహెబుకు చేపలంటే ప్రాణం. హైదరాబాదు నుంచి పెద్ద గాజు తొట్టి, దాంట్లోకి ఎర్ర చేపలు తెప్పించి హాలు నడుమ పెట్టించాడు. చేపలు మెరవాలంటే పైనుంచి వెలుగు పడాలన్నాడు. సరిగ్గా అప్పుడే పటాన్‌చెరు దగ్గర ఒక దేవిడీలో సామాన్లు హర్రాజుకు వచ్చాయి. జాగీరు పోయింది, జాగీర్దారు పోయాడు, మిగిలిన ఝూమరు గడ్డి పరిచిన ఎడ్లబండిలో కంది ఊరి మీదుగా మా కచేరీకి వచ్చింది. దించడానికి బంట్రోతులు చాలక రోడ్డు మీద పోయేవాళ్ళను కూడా పిలిచారు.

అంత బరువును దేనికి తగిలించారంటారు? బట్ట పంకా కొక్కానికే!

ఆ కొక్కెం బట్టను మోసిందే తప్ప ఏనాడూ గాజును మోయలేదని కచేరీలో అందరికీ తెలుసు. సాహెబు ముందు కాగితాలు పెట్టే పేష్కారు సాదుల్లా ఆ మాట ఆయనతో అన్నాడు కూడా.

"హుజూర్, రెండు దూలాల మీద ఇనుప కడ్డీ అడ్డం ఏసి, దానికి గొలుసు కడ్తె ఫికర్ ఉండది. గిట్ల ఉంచితె జెర ఖతర్నాకే."

"కప్పును ముట్టాలంటే హైదరాబాదు నుంచి మంజూరు రావాలి," అన్నాడు సాహెబు. "వచ్చేదాకా ఆ పాత తాడు దానికే కట్టి, మొగులయ్యను పట్టుకొమ్మనండి. నా చేపల మీద చిన్న గాజుముక్క పడినా వాడి నౌకరీ ఉండదు."

చూశారా! పంకా పోయినా పంకా మనిషి నిలిచాడు. కొక్కెం గట్టిదైతే మొగులయ్య ఇంట్లో పొయ్యి వెలిగేదా? గట్టి కొక్కాలు పేదవాడి పొట్ట కొడతాయని నేను ఎక్కడైనా వాదిస్తాను.

చిక్కల్లా అలవాటుతోనే వచ్చింది. పొద్దున మొగులయ్య తాడును రెండు చేతులా గట్టిగా పట్టుకునేవాడు. జొన్న రొట్టె తిన్నాక నడుము వాల్చేవాడు. తాడు బొటనవేలికి చేరేది, కళ్ళు మూతపడేవి, కాలు తన పని తాను మొదలుపెట్టేది. లోపల ఝూమరు ఊగేది! గాజు లోలకులన్నీ గలగలమనేవి. కొక్కెం కిర్రుకిర్రుమనేది. చేపలన్నీ తొట్టిలో ఒక మూలకు చేరేవి.

గుమాస్తాలు గోడకు అంటుకుని, నిలబడి రాసేవారు. నిలబడి రాసేవాడు వంకలు పెట్టడు, జల్దీగా సంతకం కొట్టి బయటపడాలని చూస్తాడు. ముత్యమ్మ అనే ఆమె, మొగుడు పోయిన నాటి నుంచీ, పొలం తన పేర రాయమని తిరుగుతోంది. ఒక రోజు ఝూమరు ఊగుతుండగా వచ్చింది. ఊపు ఆగేలోపలే రాసిచ్చేశారు. ఆమె వరండాలోకి వచ్చి మొగులయ్య కాళ్ళకు మొక్కింది. ఆయన గురకపెడుతున్నాడు కాబట్టి దీవించలేదు.

లేచాక సంగతి విని మొగులయ్య నన్ను పక్కకు పిలిచాడు.

"నేను పంటె నా కాలు లేస్తది సారూ. దానికెట్ల చెప్పాలె? చేపకు దెబ్బ తాకితె నా పిల్లల నోట్ల మన్నే."

కాలిని స్తంభానికి కట్టుకుని చూశాడు. నిద్రలో ముడి విప్పుకుంది. చెప్పు తొడుక్కుని చూశాడు. చెప్పుతో సహా లాగింది. నేను మాత్రం ఆ కాలిని మెచ్చుకున్నాను. ప్రతి కచేరీలో ఒక ఝూమరు, ప్రతి ఝూమరుకు ఒక మొగులయ్య ఉంటే, ఈ దేశంలో దరఖాస్తు అన్నది మిగులుతుందా?

అయితే మంచిరోజులు నిలవవు కదా. ఒక మధ్యాహ్నం ఊపు కాస్త ఎక్కువై ఒక లోలకు ఊడి బుడుంగున తొట్టిలో పడింది. ఏ చేపకూ దెబ్బ తగల్లేదు. ఒకటి దాన్ని మింగబోయి మానుకుంది, అంతే. సాహెబు పరుగెత్తుకుంటూ వచ్చాడు. నీళ్ళలోకి వంగి ఒక్కో చేపను కుశలమడిగాడు. ఆ గంటలోనే తొట్టి ఆయన సొంత గదిలోకి మారింది. దానికి హైదరాబాదు మంజూరు అక్కర్లేకపోయింది.

ఝూమరు అక్కడే ఉంది. కింద చేపలు లేవు కాబట్టి పైన తాడు అక్కర్లేదన్నారు. తాడు లేదు కాబట్టి మొగులయ్య అక్కర్లేదన్నారు. ఖాళీ జాగా వృథాగా పోతోందని అక్కడొక పొడుగాటి బెంచీ వేశారు. వచ్చిన జనం దాని మీద కూర్చోవాలి, వంతు వచ్చేదాకా.

నిన్న నా పని మీద వెళ్ళాను. బెంచీ కిక్కిరిసి ఉంది. నడుమ మొగులయ్య ఉన్నాడు. నౌకరీ మళ్ళీ ఇప్పించమని అడగడానికి వచ్చాడట. కాస్త జరిగి నాకు చోటిచ్చాడు.

"సరిగ్గా దాని కిందే కూర్చోవాలా మొగులయ్యా?" అన్నాను.

"వేరే బెంచీ లేదు సారూ. మీరు సాహెబ్ తోని జెర మాట్లాడుండ్రి. నౌకరీ ఇయ్యకుంటె పాయె, మాకు గూడ ఒక తొట్టి తెప్పియ్యమనుండ్రి. అండ్ల కూసుంటే మా మీద ఏం పడ్తదోనని అప్పుడన్న సూస్తరేమో."

 ఇంతసేపూ ఝూమరును పొగిడిన నేను, పైకి చూడకుండా ఆయన పక్కనే ఇరుక్కుని కూర్చున్నాను.

అప్పుడే ఎవరూ లాగకుండానే పైన కొక్కెం కిర్రుమంది. గుమాస్తాలు గోడలకు అంటుకున్నారు. బెంచీ మీద ఒక్కరూ కదల్లేదు. మొగులయ్యా కదల్లేదు, నేనూ కదల్లేదు. లేస్తే వంతు పోతుంది.