నవాబు తోట పెండ్లిళ్ల వల్ల మా పేటకు కలిగిన మేళ్లు

పోయిన వారం ఒకనాటి పొద్దున మా ఇంట్లో చెంబు నీళ్ల దగ్గర గొడవ జరిగింది. మా ఇంటాయన గడ్డం గీసుకుంటూ రెండో చెంబు ముంచారు.

"ఒక చెంబుతో కాదా? అవి తాగే నీళ్లు" అన్నాను.

"సగం గడ్డంతో నేత సొసైటీ ఆఫీసుకు పొమ్మంటావా?"

"పోండి. మిగతా సగం రేపు గీసుకోవచ్చు. ఈ దినం తోటలో పెండ్లి, గేటు వేసినారు."

లోపలినుంచి మా అత్త తీర్పు చెప్పింది: "వాని గడ్డం చూసేవాళ్లు ఈడ ఎవరుండారులేమ్మా."

అప్పుడే నాకు జ్ఞానోదయమైంది. పాఠకులారా, నవాబుల కాలంనాటి తోటలను పెండ్లిళ్లకు అద్దెకివ్వడాన్ని మించిన ప్రజాసేవ లేదు! నవ్వకండి, నిరూపిస్తాను.

మా మగ్గాల పేట వెనకే ఆ తోట. ఏ నవాబు వేయించాడో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఆయనకెంతమంది భార్యలో మాత్రం అందరికీ తెలుసు, ఒక్కొక్కరిది ఒక్కో లెక్క. పాత మామిడిచెట్లు, రాతి మంటపం, ఎండిపోయిన ఫౌంటెను, నడుమ ఒక మెట్లబావి. మా ఊరి బావులన్నీ ఉప్పువి, ఇదొక్కటే తియ్యనిది. మూడు తరాలుగా మేము తాగడానికీ, నేతవాళ్లు పడుగుకు గంజి పెట్టడానికీ ఆ నీళ్లే. ఉప్పునీటి గంజి పెడితే పోగు పుటుక్కున తెగుతుంది.

మా ఊరికి దగ్గరున్న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. ఇరుకు అద్దె ఇళ్లలో సర్దుకుంటున్న ఆఫీసర్లకు ఆడపిల్లల పెండ్లి చేయడానికి జాగా కావలసివచ్చింది. ఆదోనిలో ఉండే తోట యజమానికి, తనకొక తోట ఉన్నట్టు హఠాత్తుగా గుర్తుకొచ్చింది. గేటు పెట్టించాడు. కంబన్నను కాపలా పెట్టాడు. బోర్డు రాయించాడు: "లగ్న దినములలో పెండ్లివారికి తప్ప ప్రవేశము లేదు. బావి నీరు పెండ్లి పనులకు మాత్రమే."

ఇక మేళ్లు చెప్తాను.

పేట ఆడవాళ్లకు పంచాంగ జ్ఞానం అబ్బింది. వేలిముద్ర వేసే చౌడమ్మ కూడా ఇప్పుడు, "వైశాఖంలో పద్నాలుగు లగ్నాలుండాయక్కా, మూఢం ఎప్పుడొస్తాదో ఏమో" అంటుంది. లోకమంతా మూఢం ఎప్పుడు పోతుందా అని చూస్తుంటే, మూఢం రావాలని దేవునికి టెంకాయ మొక్కుకున్న పేట భూమ్మీద ఇంకెక్కడైనా ఉందా?

ఆరోగ్యం సంగతి అడగండి. గేటు వేసిన రోజు వాగులో చెలమ తోడుకోవాలి. పోనూ రానూ మూడు మైళ్లు, వచ్చేటప్పుడు నెత్తిన బిందె. పట్నంలో డాక్టర్లు ఫీజు తీసుకొని మరీ నడవమంటారు. మాకు ఉచితం!

శాస్త్రాలకు కూడా సంస్కరణ జరిగింది. యజమాని కొత్తగా పచ్చిక పెంచాడు, అందులో గుంత తవ్వకూడదు. కాబట్టి పందిరి రాటను కిరసనాయిలు డబ్బాలో ఇసుక పోసి నిలబెడుతున్నారు. పోయిన నెల ఒక పెండ్లిలో ఆ డబ్బా ఒరిగి పెండ్లికొడుకు మేనమామ కాలిమీద పడింది. నూరేండ్ల కాపురానికి నాటే రాట నూరు నిమిషాలు నిలబడలేదని నిష్ఠూరమాడినవాళ్లున్నారు. కాలం మారితే డబ్బాలూ మారాలి మరి.

అన్నిటికన్నా గొప్పది ఫౌంటెను. గ్రూపు ఫొటో తీసేటప్పుడు అది చిమ్మాలి. అందుకని నలుగురు కూలీలు బావినుంచి తోడితోడి మంటపం మీది తొట్టి నింపుతారు. ఒక పెండ్లినాడు ఖాళీ బిందెతో గేటు బయట నిలబడిన చౌడమ్మకు, తన బావి నీళ్లు ఆకాశానికెగరడం పైసా ఖర్చు లేకుండా కనపడింది. ఆమె ఆ అదృష్టాన్ని గుర్తించలేదు.

"కంబన్నా, ఒక్క బిందెప్పా. పడుగు వీధిలో పరిచి ఉండాది. గంజి పడకపోతే ఈ వారం మగ్గం ఆడదు" అంది.

"బోర్డు చూడలేదా చౌడమ్మా? పెండ్లోళ్లకే."

"నాకూ అయిందిలే పెండ్లి, ఇరవై ఏండ్లాయ."

"ఆ పెండ్లి కాదమ్మా."

ఆ వారం చౌడమ్మ మగ్గానికి విశ్రాంతి. నేతగాళ్లకు సెలవిచ్చే సర్కారు ఎక్కడుంది చెప్పండి? తోట ఇస్తోంది. సెలవులో పొయ్యికి కూడా విశ్రాంతే కాబట్టి కట్టెలు సైతం కలిసొస్తాయి.

ఇంత మేలు పరాయివాళ్ల పెండ్లిళ్లకే పరిమితం కావడం మా ఇంటాయనకు నచ్చలేదు. మా పెద్దమ్మాయికి జ్యేష్ఠంలో లగ్నం కుదిరింది. మొన్న ఆదివారం అందరం మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాం. జొన్నరొట్టె తుంచుతూ ఆయన ప్రకటించారు: "పెండ్లి నవాబు తోటలోనే. మూడు దినాలకు మాట్లాడొచ్చినా."

అమ్మాయి చేతిలో రొట్టె ఆగిపోయింది. అత్త కంచం పక్కకు నెట్టింది.

"ఏరా, మన పెండ్లికని మూడు దినాలు పేటకు నీళ్లు ఆపుతావా? ఏం మొగం పెట్టుకొని చౌడమ్మను పిలిచేది?"

"నలుగురిలో మర్యాద ఉండొద్దామ్మా?"

నేను ఆయనకు ఇంకో రొట్టె వేశాను. "తోటలోనే చేద్దాం. శానా మంచి ఆలోచన" అన్నాను.

ఇరవై రెండేండ్ల కాపురంలో నేనింత తొందరగా ఒప్పుకోవడం ఆయన చూడలేదు. రొట్టె వైపు అనుమానంగా చూశారు.

"అత్తా, మంగళస్నానానికి బావినుంచి నీళ్లు తెచ్చేది ఎంతమంది?"

"అయిదుమంది ముత్తైదువలు. తక్కువ కాకూడదు."

"ఎక్కువైతే?"

"ఎక్కువైతే ఇంకా మంచిదంటారు."

"అయితే పేటలో నూట పన్నెండు గడపలుండాయి. మూడు దినాలూ, పొద్దునా సాయంత్రం, గడపకొకరు బిందెతో నీళ్లకు రావాలని నేనే పోయి బొట్టు పెట్టి పిలుస్తా. వచ్చేది పెండ్లోళ్లే, చేసేది పెండ్లి పనే. బోర్డులో ఉండేది కూడా అదే కదా. మొదటి బొట్టు చౌడమ్మకు. ఆ దినం పడుగు పరుచుకోమని కూడా చెప్పొస్తా."

అమ్మాయి తల వంచుకొని నవ్వుతోంది. మా ఇంటాయన గొంతు సవరించుకున్నారు.

"స్నానం చేసేది ఒక పిల్ల. అన్ని బిందెలు ఏం చేసుకుంటారే?"

అత్త కంచం మళ్లీ ముందుకు లాక్కుంది.

"మిగిలినవన్నీ పేటలో ఎవరింటికి వాళ్లు మోసుకుపోతార్లేరా. నీ గడ్డానికి రెండో చెంబు నేను తెచ్చిపెడతా. పెండ్లికూతురి జేజిని, నన్ను యా కంబన్న ఆపుతాడో చూస్తా."