నలభై దాటని ఎర్ర కారు

సిటీ బస్సు నడిపే కొండల్‌ను చాంద్రాయణగుట్టలో అందరూ ‘తుఫాన్ కొండల్’ అనేవారు. అది పొగడ్త కాదు. ఆయన బస్సు ఎక్కినవాడు నడిమధ్యలో దిగి, పాన్ కట్టించుకుని, సున్నం ఎక్కువైందని పాన్‌వాలాతో పోట్లాడి, మళ్లీ అదే బస్సు ఎక్కొచ్చని ప్రతీతి.

తప్పు కొండల్‌ది కాదు, బస్సుది. ఆ ముసలి బస్సు ఏళ్ల తరబడి మూలిగిందే తప్ప పరుగెత్తిన పాపాన పోలేదు. అందుకే పాపం, కొండల్ గుండెలో ఒకే ఒక్క కోరిక మిగిలిపోయింది. చచ్చేలోగా ఒక్కసారైనా గాలిలా బండి తోలాలి.

ఆ కోరిక ఓ రోజు ఎర్రరంగు వేసుకుని షాలిబండలో దిగింది.

బేగంబజార్‌లో స్టీలు గిన్నెలు టోకున అమ్మే ఆనందరావు సేఠ్, ఓడ మీద ఓ స్పోర్ట్స్ కారు తెప్పించాడు. రెండే సీట్లు. పైన కప్పు లేదు. నేలకు ఎంత దగ్గరంటే, అందులో కూర్చుంటే ఎదురొచ్చే మేకతో కళ్లు కలపొచ్చు.

మెకానిక్ కైలాసం బానెట్ ఎత్తి చూసి, మెల్లగా మూసి చెప్పాడు.

“కొత్త ఇంజన్ సేఠ్. వెయ్యి మైళ్లు తిరిగేదాంక స్పీడు ముల్లు నలభై దాటొద్దు. లోపలి సామానంత ఒకదానికొకటి అలవాటు కావాలె. దీన్ని రన్నింగ్ ఇన్ అంటరు. కొత్తకోడలు లెక్క అనుకోండ్రి. అచ్చిన దినమే పరుగులు పెట్టిస్తే జిందగీ అంత లొల్లే.”

సేఠ్ ముఖం వాడిపోయింది. ఆయన కాలు బరువు. పెడల్ మీద ఒకసారి దిగిందంటే మళ్లీ లేచే అలవాటు దానికి లేదు. ఆ సంగతి ఆయన భార్యకు బాగా తెలుసు. ఆవిడ తాళాలు కొంగుకు ముడేసుకుని వీధిలోకి తిరిగి అడిగింది.

“ఈ ఊళ్ల అందరికన్న నెమ్మదిగ బండి తోలెటోడు ఎవడు?”

“తుఫాన్ కొండల్!” అన్నది వీధి వీధంతా.

అలా కొండల్ సెలవు పెట్టి కారెక్కాడు. ఎక్కిన క్షణమే మనసులో ఓ పథకం వేసుకున్నాడు. వెయ్యి మైళ్లూ బుద్ధిగా తిప్పాలి. వెయ్యి నిండిన రోజు, కారు సేఠ్‌కు అప్పజెప్పే ముందు, బార్కస్ దాటాక వచ్చే ఖాళీ రోడ్డు మీద ఒంటరిగా ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, పెడల్ నేలకు తొక్కాలి. ఎవరికీ తెలియకూడదు. ముఖ్యంగా భార్యకు. ఎందుకంటే కాశమ్మ బర్రెల పాలు రోజూ పోయేది ఆ సేఠ్ ఇంటికే.

ఇంటి ముందు కారు ఆగగానే కాశమ్మ పేడచేతులు కడుక్కుని వచ్చింది.

“నన్ను గీంట్ల జర తిప్పరాదయ్యా?”

“అమ్మో! ఇది రన్నింగ్ ఇన్‌ల ఉన్నదే. ఒక్క మనిషే కూసోవాలె. బరువు పడితే ఇంజన్ ఖరాబైతది.”

“అంటే నేను బరువా?”

లోకంలో కొన్ని ప్రశ్నలకు దగ్గే సరైన జవాబు. కొండల్ దగ్గలేదు.

“జర... ఉంటవ్ గదా.”

“మరి రెండో సీటెందుకు పెట్టిండ్రు?”

“గది టిఫిన్ డబ్బకు.”

కాశమ్మ ఇంకేమీ అనలేదు. పదిహేనేళ్ల కాపురంలో ఆవిడ ఇంకేమీ అనకపోవడం ఎప్పుడు జరిగినా ఏదో ఒకటి కూలింది. అయినా కొండల్‌కు బుద్ధి రాలేదు. తెల్లారగానే గడ్డి కోసే పనీ, పేడ ఎత్తే పనీ ఎగ్గొట్టి, “డ్యూటీ!” అంటూ వెళ్లిపోయాడు.

కాశమ్మ పాలక్యాను పట్టుకుని సేఠ్ ఇంటికి వెళ్లింది. పాలు కొలుస్తూ పెద్ద నిట్టూర్పు విడిచింది.

“మా ఆయన అన్నం గూడ ఉరికురికి తింటడు సేఠ్. రోడ్డు ఖాళీగ కనవడితే గా కాలు ఆగుతదా? పక్కన ఎవలన్న కూసోని ముల్లు చూస్తె మంచిగుంటది.”

సేఠ్ తాగుతున్న చాయ్ పక్కన పెట్టేశాడు. సేఠ్ భార్య మాత్రం ఒక్కక్షణం ఆలోచించి, “నువ్వే కూసో కాశమ్మా!” అంది.

మర్నాడు కొండల్ కారు దగ్గరికి వచ్చేసరికి టిఫిన్ డబ్బా సీట్లో కాశమ్మ ఉంది. తలలో మల్లెలు, ఒళ్లో పాలక్యాన్లు.

“ఏందే ఇది?”

“సేఠ్ ఆర్డర్. ముల్లు చూసే డ్యూటీ నాది.”

“నీకు ఇంగ్లీష్ అంకెలు రావు గదనే!”

“రావు. గందుకే నలభై కాడ సేఠమ్మ బొట్టు పెట్టింది.”

నిజమే. మీటరు అద్దం మీద, నలభై దగ్గర, గుండ్రంగా కుంకుమబొట్టు.

“మరి గీ పాలక్యాన్లు? బరువు కాదా?”

“నా బరువుకే ఖరాబు కాని ఇంజన్ పాలకు ఖరాబైతదా? నడువు.”

ఆ రోజు నుంచి ఓడ దిగి వచ్చిన స్పోర్ట్స్ కారు చాంద్రాయణగుట్టలో ఇంటింటికీ పాలు పోసింది. తిరుగు ప్రయాణంలో వెనకాల గడ్డిమోపు. ఆ గడ్డి కోసం కారు వెంట మేకలు. నలభై దాటకూడదన్నది నియమం. ఆ సందుల్లో, ఆ మేకలతో పదిహేను దాటితే గొప్ప. కారును సైకిళ్లు దాటేవి, టాంగాలు దాటేవి, ఓసారి కర్ర పొడుచుకుంటూ పోతున్న ముసలాయన దాటి, వెనక్కి తిరిగి జాలిగా చూశాడు.

సందులు అయిపోయాక మైళ్ల కోసం ఊరి బయట రోడ్డు మీద సాయంత్రం దాకా తిప్పేవారు. అక్కడ కొండల్ కాలు మెల్లగా దిగేది. ముల్లు బొట్టును ముద్దుపెట్టుకునే లోపే మోకాలి మీద టప్పున ఒకటి పడేది.

“బొట్టు!”

“చూసిన లేవే.”

“చూస్తె కాలెందుకు దిగుతది?”

బార్కస్‌లో చాయ్ హోటల్ నడిపే ఉమర్ భాయ్ రోజూ గుమ్మంలో నిలబడి అది కారా, ఎద్దులబండా అని ఎగతాళి చేసేవాడు.

“క్యా తుఫాన్ భాయ్! గాడీ హై యా బైల్‌గాడీ?”

కొండల్ తల దించుకునేవాడు. కాశమ్మే జవాబిచ్చేది. “రన్నింగ్ ఇన్ భాయ్, రన్నింగ్ ఇన్!” రెండు రోజుల్లో ఆ మాట ఆవిడ నోట్లో ఇంజనుకన్నా బాగా అలవాటు పడింది. పొయ్యి మీద పప్పు ఉడకకపోతే, “రన్నింగ్ ఇన్‌ల ఉన్నది” అనేది.

ఒక సాయంత్రం, ఎండ తగ్గి చల్లగాలి వీస్తుంటే, కాశమ్మ ఉన్నట్టుండి అంది. “పెండ్లయినంక మనం గిట్ల పక్కపక్కన కూసోని ఎన్నడు పోలే గదా.”

కొండల్ ఆలోచించాడు. నిజమే. ఆయన బస్సులో కూడా ఆవిడ ఆడవాళ్ల సీట్లో, ఆయన స్టీరింగు దగ్గర. ఆ రోజు ఎందుకో ముప్పై కూడా దాటబుద్ధి కాలేదు ఆయనకు. కానీ చివరిరోజు పథకం మాత్రం వదల్లేదు.

ఆ చివరిరోజు వచ్చింది. వెయ్యికి ఇంకా కొద్ది మైళ్లే మిగిలాయి. కొండల్ పొద్దున్నే తలదువ్వుకుని, ప్రేమగా అన్నాడు. “ఇయ్యాల నువ్వు ఇంట్ల ఆరాం తీస్కో కాశమ్మా. శానా కష్టపడ్డవ్.”

కాశమ్మ వినలేదు. కొట్టంలో కూర్చుని చిన్న బర్రెదూడ, దుడ్డె పొట్ట నిమురుతోంది. దాని పొట్ట డోలులా ఉబ్బి ఉంది. కళ్లు తేలేస్తోంది.

“దుడ్డె లేస్తలేదయ్యా. దవఖానకు తీస్కపోవాలె.”

“రిక్షాల తీస్కపో.”

“ఒక్కడు గూడ ఎక్కించుకుంటలేడు.”

కొండల్ ఖాళీ రోడ్డు వైపు చూశాడు. దుడ్డె వైపు చూశాడు. కాశమ్మ కళ్లలో నీళ్లు చూశాడు. “ఎక్కు,” అన్నాడు.

దుడ్డెను ఒళ్లో పెట్టుకుని కాశమ్మ కూర్చుంది. కారు కదిలిందో లేదో కొట్టంలో తల్లి బర్రె తాడు తెంపుకుని వచ్చి వెనకాల పడింది. కారు ముందుకు పోతే బర్రె గగ్గోలుపెట్టి పక్కనున్న దుకాణాల్లోకి దూరుతోంది. కుండలమ్మే కొట్టు ముందు ఓ క్షణం ఆగి, నాలుగు కుండల్ని లోకం నుంచి విముక్తం చేసింది.

“నెమ్మదిగ పోనియ్యయ్యా! బర్రె మన ఎంబడే ఉండాలె!”

ఎర్ర కారు బర్రె నడక నడిచింది. వెనకాల బర్రె, దాని వెనక పిల్లలు, పిల్లల వెనక ఊరు. ఎదురుగా ఓ పెళ్లి నుంచి తిరిగొస్తున్న బ్యాండువాళ్లు, ముందు ఎర్ర కారూ, అందులో మల్లెపూల ఆడమనిషీ కనిపించగానే, ఇదీ బరాతే అనుకుని జోరుగా వాయించడం మొదలుపెట్టారు.

బ్యాండు మోత విని, దవఖాన దారిలోనే ఉన్న షాలిబండ ఇంట్లోంచి ఆనందరావు సేఠ్ బయటికొచ్చాడు. తన కారు సీట్లో దుడ్డె మూతి కనిపించింది. కొండల్‌కు ప్రాణం పోయినంత పనైంది.

“సేఠ్... అది... ఇంజన్‌కేం కాలే...”

కాశమ్మ గట్టిగా అంది. “ముల్లు బొట్టు దాటలే సేఠ్. ఇయ్యాల పది గూడ దాటలే. దుడ్డె సావుబతుకుల మీదున్నది.”

సేఠ్ మెల్లగా కదులుతున్న కారు పక్కనే నడుస్తూ వంగి మైళ్ల మీటరు చూశాడు. సరిగ్గా ఆయన చూస్తుండగా చివరి అంకె మెల్లగా దొర్లింది. వెయ్యి. ఆయన ముఖం పతంగి దొరికిన పిల్లాడి ముఖంలా వెలిగిపోయింది.

“కొండల్, దిగు.”

“సేఠ్, నేనే జోరుగ తీస్కపోత! ఒక్కసారి...”

“దూడ పానం పోతుంటే మాటలేంది? దిగు!”

కొండల్ దిగాడు. సేఠ్ బరువైన కాలు పెడల్ మీద పడింది. ఎర్ర కారు ఒక్క గర్జన గర్జించి, బ్యాండువాళ్ల టోపీలు ఎగరగొట్టి మాయమైంది. దుమ్ములోంచి కాశమ్మ కేక వినిపించింది. అది భయం కాదు. నవ్వు.

కొండల్ తెగిన తాడు పట్టుకుని, బర్రె వెంట రొప్పుతూ పశువుల దవఖానకు చేరేసరికి దుడ్డె లేచి నిలబడి ఉంది. పచ్చిగడ్డి ఎక్కువ తిని పొట్ట ఉబ్బిందట, మందు తాగించారట. కాశమ్మ జుట్టంతా చెదిరిపోయింది. మల్లెలు ఒక్కటీ లేవు. కళ్లు మెరుస్తున్నాయి.

“ఎట్లుండెనే?” కొండల్ ఆత్రంగా అడిగాడు.

“ఏం చెప్పాలెనయ్యా! కొంగు జెండా లెక్క లేసింది. చెట్లన్ని ఎన్కకు ఉరికినయ్.” ఆవిడ ఆగి, చెవిలో నెమ్మదిగా అంది. “నీకే అయ్యేదుండె గా ముచ్చట. గని నువ్వు నన్ను ఇంట్ల పెట్టి ఒక్కనివే పోదామనుకుంటివి.”

“నీకెట్ల తెల్సు?”

“మొదటి దినం నుంచే ఎర్క. నిద్రల నా కాలు పెడల్ అనుకోని తొక్కుడు, ‘ఎనభై, ఎనభై’ అని కలవరించుడు. గందుకే గదా సేఠ్ కాడికి పోయిన!”

కొండల్ బర్రె మెడ నిమిరాడు.

దుడ్డె ఇంకా నీరసంగా ఉంది కాబట్టి కారులోనే ఇంటికి పోవాలని డాక్టరు చెప్పాడు. ఉన్నవి రెండే సీట్లు. సేఠ్ అప్పటికే స్టీరింగు ముందు కూర్చుని, కాలు దువ్వుతున్నాడు. కాశమ్మ దుడ్డెతో ఎక్కింది.

“బర్రెను పట్టుకోని నిమ్మలంగ రా. ఫికర్ చెయ్యకు, కూర వండిపెడ్త.”

కారు కదిలింది. తన మీద తనకే నవ్వొచ్చింది కొండల్‌కు. అరచేయి నోటికి అడ్డం పెట్టి అరిచాడు.

“సేఠ్! జర నెమ్మదిగ పోనీండ్రి!”

మలుపు తిరుగుతున్న కారులోంచి కాశమ్మ గొంతు ఖంగున వినిపించింది.

“ఇంకొంచెం జోరుగ, సేఠ్!”